అమీన్ సాబు మా ఇంటికి రాలేదు

ఇప్పటి పిల్లలకు చెబితే నవ్విపోతారు గానీ, నా పడుచు రోజుల్లో మా గౌలిపురలో ఒకడు మొనగాడు అనిపించుకోవాలంటే మీసం మొలిస్తే చాలదు, కొలువు దొరికితే చాలదు, వాడి ఇంటిని పోలీసులు సోదా చేయాలి. నిజాం పాలన చివరి ఏళ్లవి. సర్కారుకు గిట్టని పత్రికలు బెజవాడ వైపు నుంచి రైల్లో దొంగచాటుగా వచ్చేవి. చదివేవాళ్లు చదివేవారు, చదివినట్టు ముఖం పెట్టేవాళ్లు ముఖం పెట్టేవారు (నేను రెండో రకం). ఏ ఇంట్లోనైనా అవి ఉన్నాయని అనుమానం వస్తే చౌకీ నుంచి అమీన్ సాబు, అంటే ఇప్పటి ఎస్సై అనుకోండి, ఇద్దరు జవాన్లను వెంటేసుకుని వచ్చేవాడు. దాన్ని ఖానా తలాషీ అనేవారు. తలాషీ అయిన ఇంటి కుర్రాడు మర్నాటి నుంచి గల్లీలో నడిచే తీరే మారిపోయేది. నాకప్పుడు ఇరవై ఏళ్లు, మా ఇంటికి ఎవరూ రాలేదు. నాకు అసూయ ఎక్కువ. ఈ సంగతి ముందే ఒప్పేసుకుంటున్నాను, మీరు మధ్యలో కనిపెట్టి తిట్టుకోవడం కంటే అదే మర్యాద.

నా అసూయ అంతా ఒకే మనిషి మీద. మా పెద్దమ్మ కొడుకు, నాకంటే రెండేళ్లు పెద్ద. కళ్లద్దాలు పెట్టుకునేవాడు గనక గల్లీ అంతా చష్మా అనేది, నేను మాత్రం చచ్చినట్టు అన్నా అనాలి. వాళ్ల ఇల్లూ మా ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ. వాళ్లకూ బర్రెలే, మాకూ బర్రెలే, కానీ పాలు పోయించుకునే వాళ్లు కూడా ముందు వాళ్ల గడపే తొక్కేవారు. అతనికి అద్దాలు వచ్చినప్పుడు నాకూ కళ్లు మసకగా ఉన్నాయని నెల రోజులు నులుముకుంటూ తిరిగాను. హకీము చూసి, నీవి గద్ద కళ్లురా, పోయి పని చేసుకో అన్నాడు. అతనికి సైకిలు వచ్చింది. నేను దాని వెనక కూర్చున్నాను. ఇవన్నీ ఎలాగో దిగమింగుకునేవాణ్ణే గానీ, మధ్యలో మా మామ బిడ్డ ఉంది.

మా అమ్మకూ పెద్దమ్మకూ ఒక్కడే తమ్ముడు, యాకుత్‌పురా స్టేషన్లో పని. ఆయనకు ఒక్కతే కూతురు. ఆమెకు మేమిద్దరం బావలమే. ఇద్దరక్కల్లో ఎవరి మనసూ నొప్పించలేక మామ, ఈసారి బోనాలు గడవనీయండి, చెబుతాను అన్నాడు. ఆ పిల్లంటే నాకు ప్రాణం. ఆ సంగతి ఆమెకు తెలియజేయాలని పదకొండు ఉత్తరాలు రాశాను. నేను ఒక వకీలు దగ్గర మున్షీని, దరఖాస్తులు రాయడమే పని, అదీ ఉర్దూలో. ప్రేమలేఖ కూడా ఆ దారిలోనే వచ్చింది. 'విన్నవించుకునేది ఏమనగా' అని మొదలై 'తమరి దయకు ఎదురుచూస్తూ' అని ముగిసేది. ఆమెకు ఉర్దూ రాదు. ఆ సంగతి పదకొండోది రాశాక గుర్తొచ్చి, అన్నిటినీ నా ట్రంకుపెట్టె అడుగున పెట్టి తాళం వేశాను.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం నేను బర్రెలకు గడ్డి వేస్తుంటే జవాను వచ్చి, అమీన్ సాబు పిలుస్తున్నాడు అన్నాడు. నా గుండె ఎగిరి గంతేసింది. వచ్చారు, చివరికి మా ఇంటికీ వచ్చారు! పరుగున పోయి ఇస్త్రీ చొక్కా వేసుకుని బయటికొస్తే, జవాను నన్ను పక్కింట్లోకి తీసుకుపోయాడు. సోదా చష్మా ఇంట్లో. నేను కావలసింది పంచ్‌గా, సాక్షిగా. గల్లీలో ఏ గొడవకూ పోని మర్యాదస్తుణ్ణి చూసి పంచ్ పెడతారట. పంచనామా కూడా నా చేతే రాయించారు. జవాన్లు అటక ఎక్కారు, బియ్యం గుమ్మిలో చేతులు పెట్టారు, చష్మా చేతులు కట్టుకుని గోడకు ఆనుకుని చిన్నగా నవ్వుతూ నిలబడ్డాడు. ఏమీ దొరకలేదు. దొరకలేదని రాసి, కింద అలవాటు ప్రకారం 'బఖలం' అని నా పేరు పెట్టాను. బఖలం అంటే ఫలానావాడి కలంతో రాసింది అని. దరఖాస్తు ఎవరిదైనా సరే, రాసినవాడు అడుగున అలా రాసుకోవాలి. అమీన్ సాబు నా అక్షరాలు చూసి ముత్యాలు అన్నాడు. చష్మా గొప్పకు నా ముత్యాలు.

అప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. పాలవాళ్లు, కూరలవాళ్లు, ఆఖరికి మా అమ్మ కూడా చష్మా ధైర్యమే ధైర్యం అనడం మొదలుపెట్టారు. చష్మా ఏమని చెప్పుకున్నాడంటే, వారంటు తెచ్చేలోగా అతను కాగితాలు కాల్చేస్తాడని అమీను భయపడి, వారంటు లేకుండానే లోపలికి దూకాడట. అంత ప్రమాదకరమైన మనిషట. వారంటు లేదన్న మాట చెవిన పడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. వారంటు లేని సోదా చెల్లదు గదా, చెల్లని సోదా లెక్కలోకి రాదు గదా! మర్నాడే మా వకీలు సాబును అడిగాను. ఆయన పాన్ దవడకు పెట్టుకుని, వేళ్లు మడిచి చెప్పాడు.

“వారంటు లేకుంట పోలీసు గడప దాటనీకి నాలుగు దార్లున్నయి. నేరం జేసిన ముల్జిమ్ ఉరుక్కుంట పోయి ఆ ఇంట్ల సొచ్చిండనుకో, వాని ఎంబడి పోవచ్చు. లోపల ఎవరన్న పానం పోతుందని మొత్తుకుంటే పోవచ్చు. వారంటు తెచ్చేలోపల వస్తువు మాయమైతదనుకుంటే, ఎందుకు పోతుండో ముందుగాల కాగితం మీద రాసి పోవచ్చు. ఇగ నాలుగోది, ఇంటోల్లే రమ్మంటే పోవచ్చు. ఈ షహర్ల నడిచేదంత నాలుగోదే. మనోల్లకు మర్యాద మస్తు గదా.”

నేను సాయంత్రం తిన్నగా పెద్దమ్మ దగ్గరికి పోయి, ఆ రోజు అమీను లోపలికి ఎలా వచ్చాడని అడిగాను. ఆమె పాలచెంబు తోముతూనే, పాపం ఎండలో గడప ముందు నిలబడి దగ్గుతున్నాడు, రా బిడ్డా, లోపలికొచ్చి కూసోని చల్ల తాగుమన్న, వచ్చిండు అంది. అంతే! దూకడం లేదు, భయం లేదు. చల్ల తాగడానికి వచ్చినవాడు తాగి, మూతి తుడుచుకుని, ఎలాగూ వచ్చాను గదా అని ఇల్లు వెతికాడు. ఈ నిజాన్ని నేను గల్లీ నాలుగు మూలలా చాటాను, ఒక్కడు చెవిన పెట్టలేదు. తర్వాతి ఆదివారం మామ బిడ్డ వచ్చినప్పుడు ఆమెకూ నాలుగు దారులూ విడమరిచి చెప్పాను. ఆమె ఓపిగ్గా అంతా విని, “ఎట్ల వస్తేంది బావా, వచ్చిన్రు గదా. మీ ఇంటికి రాలే గదా” అంది.

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. ఇక లాభం లేదనుకుని, వకీలు సాబు కోర్టు కచేరీకి పోయిన సమయం చూసి, మంచి కాగితం తీసి అమీన్ సాబుకు ఒక ఆకాశరామన్న దరఖాస్తు రాశాను, నా మీద నేనే. గౌలిపురలో ఫలానా పాలవాళ్ల ఇంట్లో ఫలానా యువకుడు నిషేధించిన పత్రికలు దాచాడని, ఇతడు మిక్కిలి తెలివైనవాడు, సాహసి, చూడటానికి కూడా బాగుంటాడని, వెంటనే సోదా చేయకపోతే రాజ్యానికి చేటు అని. (చూడటానికి బాగుంటాడన్నది చట్టానికి అక్కర్లేదని తెలుసు. చేయి ఆగలేదు.) చౌకీ డబ్బాలో వేసి ఇంటికొచ్చి ఎదురుచూడటం మొదలుపెట్టాను. అటక దులిపాను. ఇస్త్రీ చొక్కా రోజూ వేసుకున్నాను. దాచడానికి పత్రిక ఒక్కటీ లేకపోవడంతో ఎర్రగుడ్డలో పాత పంచాంగం చుట్టి అటక మీద, తొంగిచూస్తే కనబడేలా పెట్టాను. మా అమ్మ నన్ను నఖశిఖపర్యంతం చూసి, ఎవ్వలన్న వస్తున్నరా కొడకా అని అడిగింది. వారమైంది, రెండు వారాలైంది, ఎవరూ రాలేదు. ఆషాఢం వచ్చింది, వానలు వచ్చాయి, బోనాలకు యాకుత్‌పురా నుంచి మామ బిడ్డ కూడా వచ్చి పెద్దమ్మ ఇంట్లో దిగింది. అమీను మాత్రం రాలేదు.

ఆ వారంలోనే చష్మా ఒక సాయంత్రం నా భుజం మీద చేయి వేసి పక్కకు తీసుకుపోయాడు. నాలుగు రోజులు ఊరికి పోతున్నాననీ, వంటింటి వెనక పిడకల కుప్పలో పత్రికల కట్ట ఉందనీ, ఈసారి నిజంగానే ఉందనీ చెప్పాడు. “తమ్మీ, నువ్వు తప్ప ఇంకోనికి చెప్పలే. జర కన్నేసి ఉంచు” అన్నాడు. నన్ను నమ్మినందుకు సంతోషించాలి. నాకు మాత్రం కళ్లల్లో నిప్పులు పోసినట్టయింది. మా అటక మీద పంచాంగం, వాడి కుప్పలో అసలైన కట్ట!

బోనాల మర్నాడు సన్నటి వాన పడుతుండగా అమీన్ సాబు వచ్చాడు, ఇద్దరు జవాన్లతో, తిన్నగా మా గడప ముందుకే. నేను నాలుగు వారాలుగా అద్దం ముందు అభ్యాసం చేసిన చిన్న నవ్వు పెట్టుకుని చేతులు కట్టుకున్నాను. ఆయన జేబులోంచి నా దరఖాస్తు తీసి, మడత విప్పి, అడుగున వేలు పెట్టి చూపించాడు. ఆకాశరామన్న దరఖాస్తు కింద, నా ముత్యాల అక్షరాలతో, 'బఖలం' అని నా పేరు. చేయి తన అలవాటున తాను రాసేసింది. ఆయన కోప్పడలేదు. జాలిగా నా వీపు తట్టి, తెలుగూ ఉర్దూ కలిపి నెమ్మదిగా అన్నాడు.

“సమజైంది మియా. నీలాంటి షరీఫ్ ఆద్మీ, మర్యాదస్తుని ఇంట్ల ఏముంటది? మీ అన్న పేరు రాయనీకి మనసొప్పలే, గందుకే నీ పేరు రాసినవ్. నాకు ఇషారా చాలు.”

అని జవాన్లకు సైగ చేసి పక్కింటి వైపు తిరిగాడు. చూశారా, నా మీద నేను వేసుకున్న నింద కూడా చష్మాకే పోయింది! కానీ ఈసారి కుప్పలో కట్ట ఉంది. దొరికిందంటే అన్న తిన్నగా జైలుకే. ఒక్క క్షణం, నా మనసులో ఒక మాట మెదిలింది, దాచను. పోనీ, దొరకనీ, జైలుకు పోయినవాడికి మామ పిల్లనెలా ఇస్తాడు? మరుక్షణమే ఇంకో మాట: జైలు నుంచి వచ్చినవాడికి ఊరు దండలు వేస్తుంది, అప్పుడు మామ పిల్లను ఇవ్వడం కాదు, ఎత్తుకుని తెచ్చి ఇస్తాడు. ఆ రెండు మాటల వెనక మూడోది కూడా ఉంది, నువ్వు తప్ప ఇంకోనికి చెప్పలే అన్నది. ఆ రోజు నన్ను పరుగెత్తించింది ప్రేమో అసూయో ఈ వయసులో కూడా తేల్చుకోలేకపోయాను.

అమీన్ సాబు పెద్దమ్మ గడప ముందు వానలో నిలబడి, ఆడవాళ్లున్న ఇల్లు గనక మర్యాదగా రెండుసార్లు దగ్గాడు. పెద్దమ్మ కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది, వెనకే మామ బిడ్డ. తడుస్తున్న మనిషిని చూసి పెద్దమ్మ ముఖం కరిగిపోయింది. ఆమె నోట్లోంచి ఏం రాబోతున్నదో నాకు తెలుసు, అమీనుకూ తెలుసు, ఆయన అప్పుడే వంగి ఒక బూటు విప్పాడు కూడా. నేను ఒక్క అంగలో పోయి గడపకు అడ్డం నిలబడ్డాను.

“పెద్దమ్మా, నీ కాల్మొక్త, నోరు తెరువకు.”

“అయ్యో, వానల తడుస్తుండు గద బిడ్డా” అని మాత్రం అని, ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఒక మనిషిని వానలో నిలబెట్టినందుకు ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నేను వకీలు సాబు లాగా వేళ్లు మడిచాను. ఒక్కొక్కటే అడిగాను. ముల్జిమ్ ఎవడైనా ఉరికి ఈ ఇంట్లో దూరాడా? దూరలేదు. లోపల ఎవరైనా ప్రాణం పోతుందని అరిచారా? లేదు. ఇంటివాళ్లు రమ్మన్నారా? అనలేదు, అందరూ సాక్షులే. ఇక మిగిలింది కాగితం మీద కారణం రాయడం. అమీన్ సాబు సరే, రాస్తా, కలమియ్యి అన్నాడు. మున్షీ చేయి గదా, కలం ఇవ్వడానికి ముందుకు పోయింది కూడా. బలవంతాన వెనక్కి లాక్కుని, ఏ ఆధారం చూపి రాస్తరు సాబ్ అని అడిగాను. ఆయన నా దరఖాస్తు ఊపాడు.

“దాంట్ల మా ఇల్లని రాసున్నది సాబ్” అని ఆయన ఒక్కడికే వినబడేలా అన్నాను. “రాసినోన్ని నేనే. పేరు గూడ కింద ఉన్నది. దాని ప్రకారం మా ఇల్లు సూడాలె.”

ఆయన దరఖాస్తు మళ్లీ మొదటి నుంచి చివరి దాకా చదివాడు. చూడటానికి బాగుంటాడు అన్నచోట ఆగి నన్నొకసారి చూశాడు. తప్పించుకునే దారి లేక ఉసూరుమంటూ బూటు మళ్లీ తొడుక్కున్నాడు. నేను మా గడప దగ్గర పక్కకు జరిగి, నాలుగు వారాలుగా నోట్లో ఊరుతున్న మాట గుండె నిండా అన్నాను. “తష్రీఫ్ లాయియే.” అంటే లోపలికి దయచేయండి అని. నాలుగో దారి. మా ఇంటికి పోలీసులు వచ్చారు.

అటక మీది ఎర్రగుడ్డ విప్పి చూసి జవాను తిథి వారం ఏమిటో చెప్పాడు. గల్లీ అంతా మా గుమ్మం ముందు గుమిగూడింది. ఆనందంతో నా కాళ్లు నేల మీద నిలవడం లేదు. అప్పుడు రెండో జవాను నా ట్రంకుపెట్టె తాళం అడిగాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అమీన్ సాబు పదకొండు కాగితాల్లో మొదటిది తీసి, రాజద్రోహం అనుకుని గంభీరంగా పైకే చదవడం మొదలుపెట్టాడు. రెండో వాక్యానికి గొంతు మారింది. నాలుగో వాక్యానికి మీసం కింద నవ్వు ఆగలేదు. ఉర్దూ వచ్చినవాళ్లు రానివాళ్లకు చెప్పారు, గల్లీ అంతా ఘొల్లుమంది. అంతలో పక్కింటి నుంచి మామ బిడ్డ మసి చేతులతో వచ్చింది. ఈ సందట్లో ఆమె పిడకల కుప్పలోంచి కట్ట తీసి, పెద్దమ్మ పొయ్యిలో పెట్టి, ఆఖరి కాగితం దాకా కాల్చి వచ్చిందని తర్వాత తెలిసింది. కట్ట సంగతి ఎవరు చెప్పారని అడిగితే, పిడకలు తెచ్చేది నేనే గదా, కనబడదా అంది.

అమీన్ సాబు ఆ కాగితాన్ని మళ్లీ మడిచి ఆమెకు అందించి, “గీ దరఖాస్తు మా చౌకీది కాదు బిడ్డా. దీని మీద హుకుం రాసే ఇఖ్తియార్, అధికారం నీకే ఉన్నది” అన్నాడు. ఆమె ఒక్క అక్షరం చదవలేని ఆ కాగితాన్ని విప్పి చాలాసేపు చూసి, మళ్లీ మడిచి నడుములో దోపుకుంది. నెల తిరక్కుండానే ఎవరిని చేసుకుంటావని మామ అడిగితే, తలవంచుకుని, దరఖాస్తు పెట్టుకున్న బావను అందట. పెద్దమ్మ ఆ రోజు అమీనును వానలో నిలబెట్టినందుకు మరో పది రోజులు బాధపడి, చివరికి చౌకీకి ఒక చెంబు చల్ల పంపించి ఊరుకుంది.

చష్మా ఊరి నుంచి వచ్చి నన్ను గట్టిగా కావలించుకున్నాడు. తమ్ముడు అడ్డం నిలబడి కాపాడాడని గల్లీ అంతా చెప్పింది. నా దరఖాస్తు సంగతి నేను చెప్పలేదు. మరుసటి ఏడాది అతను తన దారిన తాను జైలుకు పోయాడు, దండలూ వేయించుకున్నాడు. దండలు చూసి నాకు మళ్లీ కడుపు మండింది. పెళ్లయి పిల్లలు పుట్టి, వాళ్లకూ పిల్లలు పుట్టాక కూడా మా ఆవిడ ఆ కథ చెప్పేటప్పుడు, పోలీసులు మొదట వచ్చింది చష్మా బావ ఇంటికే అని తప్పకుండా కలుపుతుంది. కలిపినప్పుడల్లా నాకు ఇక్కడ, సరిగ్గా గుండె కింద, చురుక్కుమంటుంది.

మొన్నామధ్య అన్న వచ్చాడు. ఇప్పుడు అద్దాలు పెట్టుకున్నా సరిగా కనబడదు, నా మోచేయి పట్టుకుని నడుస్తున్నాడు. అరుగు మీద కూర్చోబెట్టాక నేను ఇక ఉండబట్టలేక, ఆ దరఖాస్తు రాసింది నేనే అన్నా అని చెప్పేశాను. ఆయన ఎరికే అన్నాడు. నన్ను లాకప్‌లో పెట్టిన నాడే అమీను చెప్పిండు, నీ బఖలం గూడ చూపెట్టిండు అన్నాడు. ఇన్నేళ్లు ఎందుకు అడగలేదని అడిగాను.

“ఏం అడుగుదు తమ్మీ? మా ఇంటికి మూడుసార్లొచ్చిన్రు. ఒక్కసారి గూడ ఏం దొరకలే. మీ ఇంటికి ఒక్కసారే వచ్చిన్రు, దొరికింది. గా దినం సంది నిన్ను జూస్తే నాకు కడుపు మండుడే.”

లోపల మా ఆవిడ టీ పెడుతూ, బావలిద్దరూ ఏం మాట్లాడుకుంటున్నారని కేకేసింది. ఏమీ లేదని చెప్పాను. ఈ మాట ఆమెకు ఇప్పటిదాకా చెప్పలేదు, చెప్పను కూడా. చెబితే, చష్మా బావది ఎంత పెద్ద మనసో చూశావా అంటుంది. అది నా వల్ల కాదు.